ఉమ్మడి గోడ

పెరుంగుడిలో మా సబ్‌స్టేషన్‌కీ
వాళ్ల సర్వర్ల భవనానికీ మధ్య
ఒకటే గోడ.
ఎవరిదంటే, మా ఫైలు వాళ్లదంటుంది,
వాళ్ల ఫైలు మాదంటుంది.
సున్నం ఎవరు వెయ్యాలో తేలక
పదకొండేళ్లుగా అది నాచురంగులోనే ఉంది.

అటువైపు చల్లటి గదుల్లో
ఊరందరి ఖాతాలు, ఆసుపత్రి రిపోర్టులు, రైలు టికెట్లు,
ఎవరో ఎవరికో పంపి చెరిపేసిన మాటలు
వరసగా నిలబడి గుర్రుపెడతాయట.
ఇటువైపు మూడు ట్రాన్స్‌ఫార్మర్లు,
గులకరాళ్లు, పాములకోసం ఒక కర్ర,
నేను.

ఏటా జూన్‌లో మీటింగు.
కీలక వసతుల ఉమ్మడి రక్షణ అని బేనరు,
జీడిపప్పు బిస్కెట్లు, ఒక డ్రిల్లు.
డ్రిల్లులో నీళ్లు చెప్పిన టైముకే వచ్చి
చెప్పిన గీత దగ్గరే ఆగేవి.
అక్కణ్ణుంచి నేను తెచ్చుకున్నది ఒకటే,
టిష్యూ కాగితం మీద జెబమణి గారు రాసిచ్చిన
సొంత నంబరు.
"ఆఫీసు ఫోను ఎవరూ ఎత్తరమ్మా."

డిసెంబరు తుపాను
డ్రిల్లు చదువుకుని రాలేదు.
అర్ధరాత్రి దాటాక పళ్లికరణై చిత్తడి
తన పాత పట్టా వెతుక్కుంటూ రోడ్డెక్కింది.
కేబుల్ ట్రెంచి నిండింది.
కంట్రోల్ రూమ్ గడప మీద తాబేలు పిల్ల.
లాగ్‌బుక్కులో దాన్ని ఏ గడిలో రాయను?
టెండరులో గెలిచిన మా పంపు
రెండుసార్లు దగ్గి పడుకుంది.
లైన్‌మన్ కదిరవన్ స్కేలు పట్టుకుని
"ఇంకా తొమ్మిది అంగుళాలు మేడం" అన్నాడు.
కాసేపటికి, "ఆరు."
అవి కూడా మునిగితే నా చేత్తో నేనే ఆపెయ్యాలి,
రెండు ఆసుపత్రులనీ, తాగునీటి మోటార్లనీ,
ఎన్నో అంతస్తుల మధ్య ఎన్నో లిఫ్టులనీ.

పైవాళ్ల లైను బిజీ.
టిష్యూ తీశాను.
రెండో రింగుకే ఎత్తాడు.
తమిళంలో మొదలెట్టి, భయంలో
మా అమ్మమ్మ తెలుగులోకి జారిపోయాను.
ఆయన అడిగింది ఒక్కటే,
"గోడ అంటే ఏంటమ్మా?"
"సువరు సార్, సువరు! అదే నీళ్లని ఆపేస్తోంది!"
అటువైపు పల్లం. ఆ పల్లంలో వాళ్ల కార్ల సెల్లారు.
"మీ హెడ్డాఫీసుని అడగాలేమో?"
"సింగపూర్లో నాలుగున్నర. పడుకోనీ."

కొత్త బ్లాకు పునాదుల దగ్గర్నుంచి జేసీబీ వచ్చింది.
నడిపిన కుర్రాడు బిపుల్, ఏ ఊరివాడో,
లుంగీ మీద రెయిన్‌కోటు.
పదకొండేళ్ల నాచు
ఒళ్లు విరుచుకుని అటు పడింది.
"ఏడు" అన్నాడు కదిరవన్. "ఎనిమిదిన్నర మేడం."
సెల్లారులోకి నీళ్లు దూకుతున్న చప్పుడు వింటూ
ముగ్గురం ఊరకే నిలబడ్డాం.
అందులో జెబమణి గారి కారు కూడా ఉందని
కదిరవన్‌కి తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ రాత్రి కరెంటు పోలేదని
ఊళ్లో ఎవరూ చెప్పుకోలేదు.

జనవరిలో ఉత్తరాలొచ్చాయి.
"మా గోడని అనుమతి లేకుండా..." అని మావాళ్లు.
"మా గోడకి నష్టపరిహారంగా..." అని వాళ్లు.
నిలబడ్డన్నాళ్లూ అనాథ,
పడ్డాక ఇద్దరు తండ్రులు.
జూన్ మీటింగులో దాని ఫొటో తెరమీద చూపించి
ఆదర్శ సమన్వయం అన్నారు.
చప్పట్లు కొట్టాం. వెనక వరసలో
ఆయనా, నేనూ, బిస్కెట్ల పక్కన.

ఇప్పుడు మళ్లీ కడుతున్నారు.
నిన్న మధ్యాహ్నం మేస్త్రీని పక్కకి పిలిచి
ఆ పల్లం దగ్గర, మోకాలెత్తు దాకా,
సిమెంటు కాస్త తగ్గించమన్నాను.
తాపీ ఆపకుండానే అన్నాడు,
"అవతలి సారు పొద్దున్నే చెప్పి వెళ్లాడమ్మా."