మొదటి స్థానం

గురువారం, సాయంత్రం ఆరున్నర.
ఉలాన్ ఉదేలో మైనస్ ముప్ఫై ఒకటి.
రైల్వే కార్మికుల క్లబ్బు మెట్ల కింద
ఏడు జతల ఉన్ని బూట్లు మంచు కారుస్తున్నాయి.
లోపల మేం ఏడుగురం, మేజోళ్ళతో.
నాకు నలభై ఆరు. ఇక్కడ నేనే చిన్నదాన్ని.

మడమలు రెండూ కలపాలి.
మునివేళ్ళు చెరో దిక్కుకి.
"పాదాన్ని కాదు సెసెగ్మా, తుంటిని తిప్పు.
తలుపు తిరిగేది పిడి దగ్గర కాదు, మడతబందు దగ్గర"
అంటుంది దరిమా సీరెనోవ్నా.
మడతబందుల సంగతి నాకా చెప్పేది!
ఇరవై రెండేళ్ళుగా షెడ్డులో
బోగీ తలుపులు బిగిస్తున్నది ఎవరనుకుంది?
అయినా నా తుంటి మాత్రం
పక్కలైనులో మరిచిపోయిన పెట్టెలా
కిర్రుమంటుంది తప్ప కదలదు.

ప్లియే.
మోకాళ్ళు వంచడమేగా అనుకున్నాను.
బంగాళదుంపల చేలో ఎన్ని వేలసార్లు వంచలేదు!
అది కాదట.
కిందికి దిగుతున్నట్టు వెన్నుకి తెలియకూడదట.
దిగుతూనే పెరగాలట.
లేచేటప్పుడు తొందర వద్దట,
నేల ఇంకా ఏదో చెబుతుండగానే
మధ్యలో లేచి పోయినట్టు ఉంటుందట.

మూల పియానో దగ్గర ముసలి యెవ్సేయ్.
దానిలో ఒక మెట్టు ఎప్పుడో మూగబోయింది.
అది వచ్చినచోట మేమే
లోలోపల ఒక అంకె వేసుకుంటాం.

తాండ్యూ.
కాలు ముందుకి, నేలని రాసుకుంటూ.
ముందు మడమ, తర్వాత అరికాలు,
ఆఖర్న బొటనవేలి కొస,
ఒక్కటొక్కటే నేల దగ్గర సెలవు తీసుకోవాలి.
యంజిమా బేకరీలో ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ మనిషి,
ఆమె అరికాలికి సెలవు అన్న మాటే తెలియదు.
కర్రని బస్సు కమ్మీలా బిగించి పట్టుకుంటుంది.
"పట్టుకోవద్దు. చెయ్యి వెయ్యి, అంతే.
నిద్రపోతున్న పిల్లాడి మీద వేసినట్టు."

గోడకి అద్దాలు రెండు.
అతుకు సరిగ్గా నా ముక్కు మీదుగా దిగుతుంది.
ఎడమ సెసెగ్మా కుడి సెసెగ్మా కంటే
అర అంగుళం పొడుగు.
నేను ఎడమ దాన్నే చూస్తాను.

ఇవాళ రెలెవే. మునివేళ్ళ మీదికి.
"చేతులు తీయండి."
ఒకటి.
రెండు.
మూగ మెట్టు.
యంజిమా ఊగి నా భుజం అందుకుంది,
నేను పక్కావిడ జాకెట్టు అందుకున్నాను,
ఏడుగురం షంటింగులో పెట్టెల్లా
ఒకరికొకరం తగులుకున్నాం.
యెవ్సేయ్ వాయిస్తూనే ఉన్నాడు.
దరిమా నవ్వలేదు.
"రెండు అంకెలు నిలబడ్డారు" అంది,
"పోయినవారం అదీ లేదు."

ఇప్పుడు ట్రాము స్టాపులో ఉన్నాను.
సెలెంగా మీద గాలికి కనురెప్పలు అంటుకుంటున్నాయి.
మోకాళ్ళ దాకా ఉన్ని బూట్లు, ఏనుగు కాళ్ళంత.
వాటి లోపల ఏముందో ఎవరికీ పట్టదు.
మడమలు కలిపాను.
తుంటి దగ్గర్నించే తిప్పాను, ఒట్టు.
రెండో నంబరు వచ్చి ఆగింది,
ఏ కాలు ముందు వెయ్యాలో తోచక
ఒక క్షణం అలాగే ఉండిపోయాను.
వెనకాయన దగ్గాడు.