పొయ్యి పక్క మనిషి

కుతాయిసి మందుల దుకాణంలో పదకొండు నెలల
రాత్రి డ్యూటీలు కరిగిస్తే ఈ కెమెరా వచ్చింది.
ఫుల్ ఫ్రేమే. ఆ వరసలో ఆఖరిది,
అందుకే నా చేతికందింది.
పెట్టె మీద రాయని సంగతులు
స్వానేతి కొండల్లో, బిద్జినా ఇంట్లో తెలిశాయి.

మూడు గొంతుల పాట.
ఒకరు తగ్గితే అది పాట కాదు, తగువు, అంటాడు బిద్జినా.
గది అగ్గిపెట్టె. నా వీపు గోడకి ఆనింది,
గోడకవతల ఆవు.
ఫోర్‌కే నొక్కగానే బొమ్మ
నాలుగు వైపులా తనని తాను కోసుకుని ముందుకి జరిగింది.
ఎడమ చివర, పొయ్యి పక్క,
ఓతియా లేడు.

"కొంచెం ఇటు జరుగుతారా?"
"నేను జరుగుతాను, మోకాళ్లు పొయ్యిని వదలవు."
వెడల్పు లెన్సంటే ఇంకో ఆరు నెలల రాత్రులు.
నాణ్యత తగ్గిస్తే ముగ్గురూ పడతారు,
ముఖాల మీది ముడతలు పడవు.
నేను ముడతల వైపు మొగ్గాను. ఒప్పుకుంటున్నాను.

ముర్మన్ పైకెత్తాడు, బిద్జినా మధ్యలో తిప్పాడు,
కింద, ఫ్రేము బయట,
నేల అడుగున బండ దొర్లుతున్నట్టు ఓతియా.
ఇరవయ్యో నిమిషంలో తెర మూల పసుపు థర్మామీటరు.
ఇరవై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిది సెకన్లకి
టక్కున ఆగింది.
ఎక్కడో ఏ సుంకాల కాగితం మీదో
ఫొటో కెమెరాకీ వీడియో కెమెరాకీ నడుమ
ఎవరో గీసిన గీత
ఇంత దూరం నడిచొచ్చి
చరణం మధ్యలో పడింది.

వాళ్లకి ఆ గీత తెలీదు. పాడుతూనే ఉన్నారు.

జ్వరమొచ్చిన పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని
మంచులోకి పరిగెత్తాను.
చల్లారాక, వెనక్కి వెనక్కి కంచె దాకా జరిగి
కిటికీలోంచి చూస్తే
ఆ నీలం చట్రంలో
ముగ్గురూ.
నోళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.
రెండు పొరల అద్దం. ఒక్క ముక్క బయటికి రాదు.
పక్కింటి కుక్క మటుకు స్పష్టంగా రికార్డయింది.

మంచు కరిగాక రెండు ఫైళ్లూ పట్టుకెళ్లాను.
అతికించమన్నారు తెలిసినవాళ్లు.
ఏ పెదవీ ఏ స్వరానికీ కలవలేదు.
ఓతియా మొదటిదే పెట్టమన్నాడు.
కాసేపు చూసి, మోకాళ్లని తిట్టుకుంటూ లేచి,
టీవీకి ఎడమ పక్క,
క్యాలెండరు కింద,
గోడ మీద అరచెయ్యి ఆనించాడు.
"నేను ఇక్కడ," అన్నాడు.
పాట అయ్యేదాకా,
అవలేదనుకోండి, ఆ గీత దాకా,
చెయ్యి తియ్యలేదు.