పోస్టుపిల్ల, ఎనిమిది వందలు

ఉర్హో పోయిన మూడు నెలల్లోగా
ఆస్తుల జాబితా రాయాలి.
రాయడానికి ఇద్దరు నమ్మకస్తులు కావాలంటుంది
మా ఫిన్లాండు చట్టం.
ఒకరు కుఓపియో నుంచి వచ్చిన వకీలు కుర్రాడు, ఆర్తు.
రెండోది నేను.
ముప్పై ఒక్క ఏళ్ళు ఈ సరస్సు చుట్టూ ఉత్తరాలు పంచినదాన్ని కదా,
నన్ను నమ్మొచ్చనుకుంది సైమి.

ఏప్రిల్. సరస్సు మీద మంచు మెత్తబడిందని
రోడ్డు చుట్టూ తిరిగి వచ్చాను.
వంటింటి బల్ల మీద కాఫీ, యాలకుల రొట్టె,
పుట్టినప్పటి నుంచి అతని పేరు ఏ ఏ చర్చి పుస్తకాల్లో ఉందో
ఆ కాగితాలన్నీ.
మనిషి ఒక్కడేనని రుజువు చెయ్యడానికి
నాలుగు ఊళ్ళ ముద్రలు.

బ్యాంకులో ఆరువేల చిల్లర.
అడవి పదకొండు హెక్టార్లు, అందులో సగం సైమిది.
పడవ.
తారు పూసిన చేతికి కూడా కలిపి కట్టాలా ధర?
అడగలేదు. రెండు వందలు వెయ్యమన్నాను.
రంపం, యాభై. వలలు, సున్నా.
తేనెపెట్టెలు ఐదు.
చలికాలం దాటాయో లేదో చూస్తానని
టుయిరే బయటికెళ్ళి, ఒక్కోదానికీ చెవి ఆనించి విని వచ్చింది.
"మూడు బతికున్నాయి."
మూడు అని రాశాం.

ఫోన్ కంపెనీ వాళ్ళు
ఖాతాదారుతోనే మాట్లాడతాం అన్నారట.
"నాకూ అదే కావాలి" అని
పెట్టేసిందట సైమి.

చచ్చినవాడి కళ్ళు చేరెడంటారు గానీ
ఆ జాబితాలో ఉర్హో
ఉన్నంతే ఉన్నాడు.

ఆఖర్న పొగాకు డబ్బా.
లోపల పాల రసీదుల వెనక పెన్సిల్ రాతలు.
రావలసిన బాకీలూ ఆస్తేనంటూ
పైకి చదవడం మొదలుపెట్టాడు ఆర్తు.
వెయినో, ట్రాక్టరు చక్రానికి, మూడొందలు. కొట్టేసి ఉంది.
పాస్టరుగారు, నూట ఇరవై. కొట్టేసి ఉంది.
పోస్టుపిల్ల, ఎనిమిది వందలు,
తొంభై రెండు డిసెంబరు.

కొట్టేసి లేదు.

ఎనిమిది వందల మార్కులు. బళ్ళో వేసేవి కావు,
యూరో రాకముందు మా జేబుల్లో ఉండేవి.
ఇప్పుడు ఏ బ్యాంకూ మార్చదు.

ఆ ఏడు రంపపు మిల్లు మూసేశారు.
మా ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు,
పగలూ రాత్రీ.
ఉత్తరాలిచ్చి వెళ్ళబోతుంటే
ఉర్హో గేటు దాకా వచ్చి
నా సంచిలో ఒక కవరు వేశాడు,
డబ్బాలో ఉత్తరం వేసినట్టే, నా మొహం చూడకుండా.
కవరు మీద చిరునామా లేదు.
ఈ వేసవికి ఇస్తానన్నాను.
పై వేసవికి.
చివరికి ఆ డబ్బే చచ్చిపోయింది.
అమ్మయ్య అనుకున్నాను, నిజం చెప్పొద్దూ.

"ఎవరీ పోస్టుపిల్ల?"

రొట్టె ముక్క గొంతుకడ్డం పడింది.
సైమి కిటికీలోంచి సరస్సుకేసి చూస్తూ
"ఆ పోస్టాఫీసు ఎప్పుడో ఎత్తేశారు బాబూ" అంది.
నా కప్పు నిండుగానే ఉంది.
మళ్ళీ పోసింది.
కాఫీ సాసర్లోకి, అక్కణ్ణుంచి బల్లగుడ్డ మీదికి.

సున్నా అని రాశాడు ఆర్తు.
కింద, తెలిసి ఏదీ దాచలేదని
గౌరవం మీదా అంతరాత్మ మీదా ప్రమాణం,
ముందే అచ్చేసి ఉంది.
ఎన్ని వేల రిజిస్టర్ల మీద పెట్టిన సంతకమో,
ఇంత వంకరగా ఎప్పుడూ రాలేదు.

వస్తుంటే టుయిరే ఒక సీసా తేనె చేతిలో పెట్టింది,
నిరుటిది. జాబితా అయిపోయింది గాబట్టి
లెక్కలోకి రాదని నవ్వింది.
తీసుకున్నాను.

గేటు దగ్గర డబ్బాలో
ఉర్హో పేరుతో ఇవాళ్టి పేపరు.
మే నెలాఖరు దాకా చందా కట్టాడట.
చెయ్యి అలవాటుగా పోయింది దాని మీదికి.
తీసి, వెనక్కి నడిచి,
గడప మీద పెట్టి,
తలుపు కొట్టకుండా వచ్చేశాను.