గోడవైపు కొమ్మ

కళ్ళకు గంతలు కట్టండి,
బెరడు మీద వేలు పెట్టి చెర్రీ అని చెప్పేస్తాను.
మిగతా చెట్లు నిలువునా పగులుతాయి.
ఇది అడ్డగీతలు గీసుకుంటుంది,
తీరని బాకీల పద్దులా.
ఆకు కాడ మీద రెండు ఎర్రటి బొడిపెలు,
చీమలకు తేనె పెట్టే గిన్నెలు.
దెబ్బ తగిలిన చోట బంక.
చిన్నప్పుడు నమిలేవాళ్ళం.
రుచంటూ ఏమీ లేదు, దవడలకు పని.

సుల్తాన్ కొండ కింది ఊళ్ళల్లో
నలభై ఏళ్ళుగా అంటు కడుతున్నాను.
వేరు మహలెబ్‌ది. సున్నపు నేలలో
నీళ్ళడగకుండా బతికే మొండిఘటం.
దాని గింజలు నూరి మా అమ్మ
పండగ రొట్టెల పిండిలో కలిపేది.
పైన కట్టేది ఎవరి ఇష్టం వాళ్ళది.
తొందరపడి ముందే పండేదొకటి,
ఊరు దాటేలోపు బుట్టలోనే నలిగిపోతుంది.
పసుపుది ఒకటి. ఎంత పండినా
పచ్చికాయే అనుకుని పిట్టలు వదిలేస్తాయి.
నల్లగా, గుండెలా, లారీ ఎక్కి జర్మనీ పోయేదానికి
పేరు లేదు, నంబరుంది: తొమ్మిది వందలు.

ఇక వీష్నె. పుల్లది.
దానికెవరూ అక్కర్లేదు,
తన పూతతో తానే కాస్తుంది.
ఎందుకో, పుల్లటివాళ్ళకే ఒంటరిగా బతకడం వస్తుంది.

తీపిదానికి ఆ విద్య లేదు.
తన పుప్పొడి తన పువ్వు మీదే పడితే
గొంతులో సగందాకా దిగి ఆగిపోతుంది,
నోటిదాకా వచ్చిన క్షమాపణలా.

జుల్ఫియె దొడ్డిలో తొమ్మిది వందలు ఒక్కటే ఉంది.
ఏటా ఏప్రిల్లో ఒళ్ళంతా తెలుపు,
మేలో నేలంతా ఉత్త తొడిమలు.
అవే ఎండబెట్టి కషాయం కాచుకుని
"ఇదీ కాపే" అనేది.
చివరికి విసిగి నన్ను పిలిచింది, గొడ్డలి తెమ్మని.

చలి సరిపడా పడింది. మంచు పూతను మాడ్చలేదు.
తేనెటీగలు చెవులు గింగుర్లెత్తేలా ఉన్నాయి.
"దీనికి జోడీ చెట్టేదీ?" అన్నాను.
గోడ అవతల ఉండేదట, మెవ్లుదె వాళ్ళది.
పదకొండేళ్ళ కింద, నీళ్ళ వంతు తగాదాలో
ఆ రాత్రే నరికేశారట.
దాని అంటు ఇంకా ఉంది,
మెవ్లుదె అన్నదమ్ముల తోటలో,
ఎండిపోయిన సరస్సు గట్టున,
ఏ తేనెటీగా వెళ్ళి రాలేనంత దూరాన.

పూసిన కొమ్మలు రెండు, డబ్బాడు నీళ్ళు,
చెట్టుకు వేలాడదీస్తే చాలు, అన్నాను.
"ఆవిణ్ణి అడగాలా?" అంది జుల్ఫియె.
ముఖం వీష్నె కొరికినట్టు పెట్టింది.
గొడ్డలి తీసుకుని వెళ్ళిపోయాను.

నాలుగో రోజు పొద్దున
చెట్టుకు నీలం పెయింటు డబ్బా వేలాడుతోంది.
అందులో రెండు కొమ్మలు, తెల్లగా.
"నేను కట్టలేదు" అంది జుల్ఫియె.
గోడ మీద రబ్బరు బూట్ల మట్టి, తడి ఆరలేదు.
నేను పుకార్లు మోసేవాణ్ణి కాను,
అయినా ఊరంతటికీ తెలుసు, నేనే చెప్పాను కాబట్టి.

జూన్‌లో కొమ్మలు వంగాయి.
కోతకు రెండు రోజుల ముందు వాన.
సగం పళ్ళు బుగ్గలు పగిలాయి.
బాగున్నవి ఏరి నీలం డబ్బా నింపి
గోడ మీద పెట్టింది.
తెల్లారేసరికి ఖాళీ.
"పిట్టలు తినుంటాయి" అంది.
ఏ పిట్టా డబ్బా కడిగి బోర్లించదు.

మొన్న ఫిబ్రవరిలో మళ్ళీ కబురు.
గోడవైపు కొమ్మకు వేరే అంటు కట్టాలట.
పుల్లలు నన్ను తెమ్మనలేదు.
నేను వెళ్ళేసరికే
తడిగుడ్డలో చుట్టి, అరుగు మీద,
రెండు టీ గ్లాసుల పక్కన పెట్టి ఉన్నాయి.
రెండూ తాగేసినవే.