విడుదల తేదీ

హాలియాల మా మీసేవ షట్టరు సగం దించినంక
పొద్దంతా ఆధార్లు, కులం కాయితాలు, పింఛన్లు
గుద్ది గుద్ది ఏడెక్కిన కంప్యూటరు ముంగట
ఒక్క నిమిషం ఊకె కూసుంట.
తర్వాత ఆ రెండు నిమిషాల పద్నాలుగు సెకండ్ల బొమ్మ
మళ్లొకసారి పెడుత.

నల్లటి తెర.
ఒక చుక్క. దాని పక్కన ఇంకో చుక్క.
నడుమ సన్నటి గీత పాకుతది.
గీతలు పాయలయి, పాయలు చీలి
ఆకాశమంతా అల్లుకుంటయి.
ఆఖరికి ఒక్క మాట: త్వరలో.

త్వరలో అంటే ఎన్నడో
రెండేండ్ల సంది ఎరుక లేదు.
పోయిన యాసంగికన్నరు, వానకాలానికి జరిపిన్రు.
"వాళ్లకు గూడ సాగర్ల నీళ్లు లేవేమో,
విడుదల తేదీ చెప్తలేరు" అని
నాయిన నవ్విండు.

మిర్యాలగూడ రైసుమిల్లుల కాంటా కాడ
రాత్రి డ్యూటీ జేసే జానిమియా, నేను
ఇంకా పుట్టని రాజ్యాన్ని అప్పుడే పంచుకున్నం.
ఓడలు వాడియి. ఖజానా నాది.
లారీకి లారీకి నడుమ మెసేజు పెడ్తడు:
"తూర్పు గ్రహాలతోని లడాయి వద్దు,
ముందు సంధి జేస్కుందాం.
ఊక కొనేటోళ్లను ఎన్నడు కోపం జెయ్యొద్దు."

నేను నోటుబుక్కుల పేర్లు రాసిపెట్టిన.
మొదటి గ్రహం అనుముల.
రెండోది పెద్దవూర. ఎర్రటి దానికి తిరుమలగిరి.
ఉంగరాలున్నది దొరికితే
దానికి మా మేనత్త పేరు, బక్కమ్మ.
మర్రిగూడ బోరునీళ్లు తాగి
మోకాళ్లు వంకర పోయిన మనిషి,
ఏలికి ఉంగరం ఎరగని మనిషి.

పదహారు జీబీ రామ్ గావాలంటున్నరు.
నా దగ్గర ఎనిమిది.
చీటీ ఎత్తి మిగతా ఎనిమిది కొన్న.
డబ్బ విప్పలే,
బీరువాల చున్నీల నడుమ పెట్టిన.
అప్పుడప్పుడు తీసి, బరువు జూసి,
మళ్ల లోపట పెడుత.

నాయిన పేరు మట్టపల్లి, ఎడమకాలువ మీద లష్కరు.
ముప్పై ఏండ్లు తూము తాళంచెవి
మొలతాడుకు కట్టుకోని తిరిగిండు.
ఒకనాడు షాపుకు చాయ్ తెచ్చి
తెర మీద ఆగిన పటం జూసిండు.
గీతలెంబడి ఏలు పోనిచ్చిండు.
"ఇది మెయిను. ఇది మేజరు. ఇయి పిల్లకాలువలు."
"నాయినా, అవి నక్షత్రాలు."
"అయితే ఏంది?
నడుమ ఇంతమంది ఉన్నరు,
ఎవడు మోటరెయ్యకుంట ఉంటడు?
గా చివరోనికి ఏం మిగుల్తది?"

మూలకున్న మసక చుక్క మీద
ఆయన ఏలి బురద మరక పడ్డది.
నేనింకా తుడవలె.

ఆ రాత్రి నోటుబుక్కు నిండ కొట్టివేతలు.
రాజధాని నడిమిట్ల వద్దు, చివర పెడ్దాం.
జానిమియా ఒప్పుకోలే:
"చివర కూసోని ఎవరన్నా ఏలుతరా?"
మూడు రోజులు మాటల్లేవు,
లేని సింహాసనం కోసం.
నాలుగోనాడు నూకల బస్తా ఫొటో, దాని కింద:
"సరే, చివర్నే. గని నా ఓడలకు
డీజిలు నువ్వే పంపాలె."

నిన్న మళ్లొచ్చింది కబురు.
ఇంక కొంత పని మిగిలిందట. మూడు నెలలు.
ఎందుకో కోపం రాలే.
చిన్నప్పుడు ఎండిన కాలువల దిగి
పిలగాండ్లమంతా నేలకు చెవి ఆనించి పండుకునేది యాదికొచ్చింది.
నీళ్లు కనబడకముందు చల్లగాలొస్తది.
గాలికన్న ముందు కప్పలకు తెలుస్తది.
కప్పలకన్న ముందు మాకు తెల్వాలని పందెం.
నారు తడిసిందా, తూము కాడ కట్టెలు లేచినయా,
అవన్ని తర్వాతి ముచ్చట్లు.

క్యాలెండర్ల పాత తేదీ కొట్టేసి
కొత్త తేదీకి సున్న చుట్టబోతే
ఆ గడిల అప్పటికే నాయిన వంకర అక్షరాలు:
నీళ్లు.

జాగ చాలలే.
నా చుక్కను అంచున పెట్టిన.