తూగు

జీఎం ఆఫీసు వరండాల
ఒక కాలు పొట్టిగున్న బెంచీ మీద
ముగ్గురం కూసున్నం:
బాపు, నేను, బాపు ఊపిరితిత్తుల ఎక్స్‌రే.
ఫైలు ఇంకా పెండింగేనట.

ఒళ్లె నా కోచింగ్ నోట్‌బుక్కు.
నిన్న గోదావరిఖని చౌరస్తా మీది మేడల
ఖలీల్ సారు బోర్డు మీద ఒక వేరు గీసిండు.
లాటిన్ వేరట. పేరు పెండ్.
"వేలాడుడు అని అర్థం,
కొమ్మలు మీరే రాసుకోండ్రి" అన్నడు.

పెండింగ్: తేలక వేలాడేది.
సస్పెండ్: పైకి కట్టి వేలాడదీసుడు.
డిపెండెంట్: ఒకలను పట్టుకొని వేలాడే మనిషి.
అక్కడ నా పెన్ను ఆగింది.
లోపల, ఆ ఫైల్ల, ఏడో గడిల
డిపెండెంట్ పేరు: కలవేన శ్యామల.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"
చెప్పిన.
బాపు నవ్విండు, నవ్వు దగ్గయింది,
దగ్గు తగ్గినంక అన్నడు:
"వేలాడుడు నాకు నేర్పుతున్నవా?
ఇరవై ఆరేండ్లు బాయిలకు
తాడుకు వేలాడే కుర్చీల కూసుండి దిగిన.
సస్పెండ్ జేసిండ్రు ఒక్కపారి,
సమ్మెల, పదకొండు రొజులు.
ఆ పదకొండు రొజులే
నా కాళ్లు భూమ్మీదున్నయి."

పేజీ తిప్పిన.
అదే వేరుకు ఇంకో అర్థం: తూచుడు.
ఎనుకట తక్కెడ వేలాడదీసి
లోహం తూచి జీతాలిచ్చేటోళ్లట.
అందుకే పెన్షన్, తూచి ఇచ్చేది.
కాంపెన్సేషన్,
దీనికి దాన్ని సరితూచేది.

ఓదెలు మామ మీద పైకప్పు కూలినప్పుడు
ఈ పళ్లెంల ఏం పెట్టిండ్రో
ఆ పళ్లెంల ఏం పెట్టిండ్రో
బాపుకు ఇప్పటికీ తెల్వదు.
కాంటా మాత్రం సరిపోయిందన్నరు.
శంకరక్క ఏలిముద్ర వేసింది.

"వేలాడుడుకూ తూచుడుకూ
ఒక్కటే మాటెట్లయితది బాపూ?"

బాపు కొద్దిసేపు
వరండా కొనకున్న నీళ్ల డ్రమ్మును చూసిండు.
"మన దాంట్ల లేదా?
కాంటా మీద బస్తా తూగుతది.
కల్లు తాగినోడు తూగుతడు.
ఉయ్యాల తూగుతది.
రాత్రి పుస్తకం ముంగట నువ్వు తూగుతవు.
ఏ సారు చెప్పిండు మనకు?"

నోట్‌బుక్కుల కొమ్మలన్నీ అయిపోయినంక
అడుగున, వేరు దగ్గర,
తెలుగుల రాసిన: తూగు.
ఖలీల్ సారుకు చూపియ్యాలె.

తలెత్తి చూస్తే
బాపే తూగుతున్నడు.
గడ్డం ఎదకు తాకుతున్నది, లేస్తున్నది,
మెల్లగ ఒరిగి
తల నా భుజం మీద ఆగింది.
ఎక్స్‌రే జారకుండ పట్టుకున్న.
కదలకుండ కూసున్న,
ఇది ఎన్ని కిలోలు తూగుతదో
అంచనా కట్టుకుంట.

లోపలినుంచి ఎవలనో పిలిసిండ్రు.
మా పేరు కాదు.