ఇతరములు

ఒంగోలు కర్నూలు రోడ్డులో, టైర్ల కొట్టు పక్కన మా కాఫీ షాపు.
తెర మీద ముప్పై రెండు బొమ్మలు,
ముప్పై రెండింటికీ ఒక్కో ధర.
చివరి మూల బూడిదరంగులో ఇంకో గడి: ఇతరములు.
దాన్ని నొక్కొద్దని ట్రైనింగులోనే చెప్పారు.

ఒంగోలు బొమ్మలు చూసి తాగే ఊరు కాదు.

టంగుటూరు పొగాకు వేలంలో పొద్దంతా గొంతు చించుకుని
బ్రోకరు రమణారెడ్డి వస్తాడు,
"డికాషన్ పావు, పాలు ముప్పావు,
కాదు కాదు, పాలు సగం చెయ్" అంటూ
నురగ దగ్గర కూడా బేరమాడతాడు.
కోచింగు పిల్ల షర్మిలకి
చల్లటి పాలల్లో రెండు షాట్లు, చిటికెడు శొంఠి,
"అక్కా, దీనికి పేరేం పెడదాం?" అంటుంది
పరీక్ష పోయిన రోజు కూడా.
రిటైరైన హెడ్మాస్టరు గారికి కాఫీ వద్దు,
కాఫీ తాగేసిన గ్లాసులో వేణ్ణీళ్లు కావాలి,
"వాసన మిగిలుంటుందిగా, చాలమ్మా."
అందర్నీ ఏదో ఒక బొమ్మ కిందికి తోసేసేదాన్ని.

మాల్యాద్రి మొదట ఏమీ అడగలేదు.
శనివారం, జీతాల రోజు,
చీమకుర్తి బస్సు దిగి నేరుగా వచ్చాడు,
కనుబొమల మీద ఇంకా రాతిపిండి.
కౌంటరు బండని అరచేత్తో నిమిరాడు
ఎద్దు మూపు నిమిరినట్టు.
"ఈ అంచు నాదే" అన్నాడు.
"ఇదిగో ఇక్కడ, కాస్త మెలి తిరిగింది చూడు.
ఆ రోజు కరెంటు పోయి మిషను ఆగింది."
రెండేళ్లుగా ఆ అంచునే తుడుస్తున్నాను,
ఆ మెలి నా వేళ్లకెప్పుడూ తగల్లేదు.

మెనూ ఇచ్చాను. మొత్తం చదివాడు, ధరలతో సహా.
"ఇందులో లేంది ఇస్తావా?"
"ఏంది?"
"నల్ల కాఫీ. పైన బెల్లం పొడి.
కలపమాక. చల్లి వదిలెయ్."

బెల్లం ఎక్కడిది మా దగ్గర!
నా టిఫిను డబ్బాలో ఉంది,
అటుకుల్లో నంజుకోమని అమ్మ పెట్టిన ముక్క.
చెంచా వీపుతో నలిపి చల్లాను.
నల్లటి నలుపు మీద బంగారు రవ్వలు,
ఒక్క క్షణం
కప్పుకీ కౌంటరుకీ తేడా లేదు.

"క్వారీలో ఉన్నప్పుడు మేస్త్రి రోజూ బెల్లం పెట్టేవోడు,
దుమ్ము గొంతులో నిలవదని.
నిలవకుండా ఉంటదా!" నవ్వాడు.
నవ్వు చివర దగ్గయింది.
ఆ దగ్గు మళ్లీ నవ్వు కావడానికి
వెనక లైన్లో ఇద్దరు విసుక్కుని వెళ్లిపోయారు.

రవ్వలు ఒక్కొక్కటే మునిగాయి.
"రాతిలోయి అయితే కరగవు" అన్నాడు,
ఆఖరిది కరిగేదాకా చూసి
అప్పుడు తాగాడు.

బూడిదరంగు గడి నొక్కాను.
ఎంతని అడిగింది తెర.
కాఫీ కంపెనీది,
బెల్లం మా అమ్మది,
అంచు ఆయనది.
నలభై వేశాను.

సోమవారం హైదరాబాదు నుంచి ఫోను.
"శనివారం ఇతరములు ఒకటి, నలభై. ఏంటమ్మా అది?
స్టాకులో లేనిది ఎలా అమ్మావు?"
వింటూనే
వేలితో అంచు వెంట నడిచాను,
బిల్లుల మిషను దాటి, చక్కెర డబ్బా దాటి.
"హలో? లైన్లో ఉన్నావా?"

ఉన్నాను సార్.
ఇదిగో, ఇక్కడే
కాస్త మెలి తిరిగింది.